విప్పి మళ్ళీ పెట్టుకునే వీలు

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాట్ట వెనకటికెవడో!" అంది మా వదిన, అంటే మావారి అక్కయ్య. దసరా సెలవుల్లో మా ఇంటికొచ్చేసరికి నేనూ మా అబ్బాయీ భోజనాల బల్ల నిండా ప్లాస్టిక్ ముక్కలు పరుచుకుని కూర్చున్నాం మరి. నలభై ఆరేళ్ళ ఆడదానికి బొమ్మలేమిటన్నా నవ్వి ఊరుకునేదాన్ని. "ఇంటర్ రెండో ఏడు పిల్లాడికి నువ్వే ఇలాంటివి అలవాటు చేస్తావా?" అంది చూడండీ, అదుగో, దానికే ఈ జవాబు.

నిజానికి ఆ పెట్టెని అటకెక్కించింది నేనే. వాడు పదో తరగతిలో ఉండగా మా తమ్ముడు తెచ్చిచ్చాడు. పరీక్షలయ్యాక అన్నాను. అయ్యాక, ఇంటర్ అయ్యాక అన్నాను. ఈ సెలవులకి హాస్టల్ నుంచి వచ్చినవాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. వారం పరీక్షలో ఎక్కడో ప్లస్ బదులు మైనస్ వేశాట్ట. "మొత్తం పోయిందమ్మా" అంటాడే తప్ప ఇంకో మాట లేదు. మూడో రోజు స్టూలు వేసుకుని పెట్టె దింపాను.

అది వీఎఫ్-1 అనే యంత్రం బొమ్మ. 1982లో జపాన్ టీవీలో వచ్చిన 'మాక్రాస్' అనే కార్టూన్ సీరియల్‌లోది. షోజీ కవామోరి అనే ఆయన రూపకల్పన. అమెరికా నౌకాదళం వాళ్ళ ఎఫ్-14 విమానంలా ఉంటుంది. ఇంజన్లు కిందికి దిగితే కాళ్ళవుతాయి, వాటి వెనక గొట్టాలే పాదాలు. కాళ్ళ మధ్య దాచిన చేతులు బయటికొస్తాయి. విమానం పొట్ట కింద ఉన్నది తలకాయ! పూర్తిగా మడిస్తే రోబో, సగంలో ఆపితే కాళ్ళూ చేతులూ ఉన్న విమానం.

"ముక్కలన్నీ వాళ్ళే చేసిస్తే నొక్కడమేగా, అందులో తెలివేముంది?" అంది వదిన. నొక్కడమే. జిగురు కూడా అక్కర్లేదు. కానీ ఫ్రేము నుంచి ఒక్కో ముక్కనీ కట్టరుతో కత్తిరించాలి, చేత్తో విరిస్తే ప్లాస్టిక్ తెల్లబడి మచ్చ పడుతుంది. కత్తిరించిన చోట మిగిలిన మొటిమని అరగదీయాలి. జపనీస్ రాదు కనక బొమ్మలు చూసే అంతా అర్థం చేసుకోవాలి. అక్కడే నేను కుడి మోకాలి ముక్క ఎడమ కాలికి పెట్టేశాను. నాలుగు పేజీలు దాటాక కాలు మడవబోతే మడవదే! ఇద్దరం గంటన్నర కష్టపడ్డ కాలు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగినంత పనైంది. వాడు మాత్రం "ఏం పర్లేదమ్మా, విప్పేద్దాం" అన్నాడు.

వాడి నోట ఆ మాట విని ఎన్నాళ్ళయిందో!

జేఈఈ మెయిన్‌లో రైటు జవాబుకి 4 మార్కులు, తప్పు గుర్తు పెడితే ఉన్న వాటిలోంచి 1 కోత. అంతమంది రాసే పరీక్షకి ఏదో పద్ధతి ఉండాలి, కాదనను. కానీ రోజుకి పన్నెండు గంటలు తప్పంటే కోతే అని నేర్పుతున్నాం కదా, తప్పంటే విప్పి సరిచేసుకునేది అని ఎక్కడ నేర్పుతున్నాం? పూర్వం చెట్టెక్కి పడేవాళ్ళు, సైకిల్ చెయిన్ ఊడగొట్టుకుని తగిలించుకునేవాళ్ళు. ఇప్పటి పిల్లలకి మనం ఏం మిగిల్చాం?

బొమ్మ ఎలా వచ్చిందంటారా? రోబోగా నిలబెడితే నడుము దగ్గర కాస్త ఊగుతుంది. ఇలాంటివాటికి మార్కులు వేసేవాళ్ళు కొందరు దీనికే సగం కోసేస్తారట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. విమానంలో ఇంజనై, రోబోలో కాలవ్వాలంటే ఆ కీలు ఎంతో దూరం తిరగాలి. అలా తిరిగే కీలు బిగుసుకుని కూర్చోమంటే కూర్చుంటుందా? రోబోగా మాత్రమే ఉండేదైతే గట్టిగానే నిలబడుతుంది, కానీ విమానం కాదు. నేనైతే మంచి కిట్టే అంటాను. మారేటప్పుడు ఒక్క ముక్కా ఊడదీసి పక్కన పెట్టక్కర్లేదు, అదీ దాని గొప్ప. ఒంటి కాలి మీద నిలబడడం లేదని దాన్నీ, వారం పరీక్షలో జారాడని వీణ్ణీ ఒకే తూకంలో వేస్తే ఎలా?

చదువు మానేసి బొమ్మలు చేయమని నేననడం లేదు వదినా. మాకు పట్టింది మొత్తం మూడు పూటలు. నాలుగో పూట వాడే లెక్కల పుస్తకం తీశాడు, అన్నం కూడా మారు అడిగి తిన్నాడు. తీయకపోయినా నేను బాధపడేదాన్ని కాదు.

వాడు హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. రెక్కల మీద స్టిక్కర్లు ఇంకా అంటించలేదు. "నువ్వు అంటించకమ్మా, సంక్రాంతికొచ్చి నేను చేస్తా" అని చెప్పి వెళ్ళాడు. పెట్టె ఈసారి అటక మీద కాదు, వాడి పుస్తకాల పక్కనే పెట్టాను. మీ ఇంటి అటక మీద కూడా ఇలాంటి పెట్టె ఏదైనా ఉంటే, పరీక్షలయ్యేదాకా ఆగకుండా దింపండి.