తప్పు నీది కాదమ్మా

రాత్రి భోజనాల వేళ. పిల్లాడు మాంసం ముక్క కోసుకోలేక తంటాలు పడుతుంటే తండ్రి కత్తి అందుకున్నాడు. ఈలోగా తల్లి వాడి ఘనకార్యం ఏకరువు పెట్టింది. బళ్లో టీచరు కుర్చీ మీద పిన్ను పెట్టాడట. అదీ కెమెరాకు కూడా సరిగ్గా చిక్కనంత వేగంగా వెళ్లి పెట్టొచ్చాడట. మందలించాల్సిన తండ్రి ముఖం వెలిగిపోయింది. ఎంత స్పీడులో వెళ్లుంటావురా అని ఆరా తీయడం మొదలుపెట్టాడు. ఆ సంబరంలో కత్తి ముక్కనీ ప్లేటునీ దాటి బల్లలోకి దిగింది.

2004లో పిక్సార్ తీసిన 'ది ఇన్‌క్రెడిబుల్స్' అనగానే చాలామందికి ఎర్ర దుస్తుల్లో నలుగురూ వరసగా నిలబడ్డ పోస్టర్ గుర్తొస్తుంది. నాకు ఈ బల్ల గుర్తొస్తుంది. తర్వాతి నిమిషంలో అక్కాతమ్ముళ్లు కొట్టుకుంటారు. తల్లి చేతులు రబ్బరులా సాగి ఒకరినొకరు అందుకోకుండా ఇద్దర్నీ పట్టుకుంటాయి. అలా చూస్తూ నిలబడతారేం, ఏదో ఒకటి చేయమని ఆవిడ కేకేస్తే, ఆయన వేలాడుతున్న మనుషులతో సహా బల్లనే పైకెత్తుతాడు. ఇంతలో కాలింగ్ బెల్. తలుపు తీసేసరికి అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్లు బుద్ధిమంతుల్లా కూర్చుని ఉంటారు. చుట్టాలొచ్చిన ఇల్లు ఏ దేశంలోనైనా ఇంతే.

ఇంటిపనికి అతీతశక్తులు వాడటం మనకు కొత్త కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు తన మాయలన్నీ ఖర్చుపెట్టింది ఒక పెళ్లి జరిపించడానికే. అమెరికా వాళ్ల సూపర్‌హీరోలు మాత్రం చాలావరకు ఒంటరివాళ్లు. సూపర్‌మాన్ కన్నవాళ్లు గ్రహంతోపాటే పోయారు. బ్యాట్‌మాన్ తల్లిదండ్రులు పసితనంలోనే తుపాకీకి బలైపోయారు. 1961లో మొదలైన 'ఫెంటాస్టిక్ ఫోర్' కామిక్స్ లాంటివాటిని పక్కన పెడితే, కథ నడవాలంటే ముందు ఇల్లు కూలాలన్నట్టే రాసుకుంటూ వచ్చారు. దర్శకుడు బ్రాడ్ బర్డ్ ఇంటిని కూల్చలేదు. ఎవరికి ఏ శక్తి ఇవ్వాలన్నది కూడా ఆ ఇంటిని చూసే నిర్ణయించాడు. తండ్రి బలంగా ఉండాలని అందరూ అనుకుంటారు కాబట్టి బాబ్‌కి కండబలం. అమ్మను నలువైపులా లాగుతుంటారు కాబట్టి హెలెన్‌కి సాగే ఒళ్లు. పదిమందిలో కనపడకుండా పోతే బాగుండునని కుమిలే వయసు వయొలెట్‌ది. ఆమె మాయమైపోగలదు, చుట్టూ ఓ కవచం సృష్టించుకోగలదు. పదేళ్ల డాష్‌కి ఒకచోట కుదురుండదు, వాడిది వేగం. చంటివాడు జాక్‌-జాక్ రేపు ఏమవుతాడో ఇంకా ఎవరికీ తెలియదు.

బర్డ్‌కి ఈ ఆలోచన తన ఇంటి బెంగలోంచే పుట్టింది. అటు సినిమా, ఇటు పిల్లలు, రెండిట్లో ఏది చేజారుతుందోనని భయపడిన రోజులవి. ఆ శ్రద్ధ నటుల ఎంపికలోనూ కనిపిస్తుంది. వయొలెట్‌కి గొంతిచ్చిన సారా వావెల్ సినిమా నటి కాదు, వ్యాసకర్త. తన తండ్రి ఇంట్లో తయారుచేసిన ఫిరంగిని ఆయనతో కలిసి పేల్చడం గురించి ఆమె రేడియోలో చెప్పింది విని, వయొలెట్ గొంతు దొరికిందనుకున్నాడు బర్డ్. డాష్‌కి గొంతిచ్చిన పిల్లాడు స్పెన్సర్ ఫాక్స్ చేత, ఆయాసం నిజంగా వినపడాలని, స్టూడియో చుట్టూ పరుగులు పెట్టించాడు. హిందీ అనువాదం 'హమ్ హై లాజవాబ్'లో తండ్రీకొడుకులకు షారుఖ్ ఖాన్, ఆయన కొడుకు ఆర్యన్ గొంతులిచ్చారు. అసలు తండ్రీకొడుకులే కావడం ఈ సినిమాకు తగినట్టే ఉంది.

హాయిగా నవ్వించే ఘట్టాలు ఇందులో బోలెడున్నాయి. మనసు కరిగే చోట్లు మాత్రం, నా లెక్కలో, పెద్దవాళ్లు ఒక మెట్టు దిగిన చోట్లే.

అర్ధరాత్రి తగువు చూడండి. సూపర్‌హీరోలను ప్రభుత్వం నిషేధించాక బాబ్ ఇన్సూరెన్స్ కంపెనీలో గుమాస్తా అయ్యాడు. రాత్రిళ్లు మిత్రుడు లూసియస్‌తో బౌలింగ్ ఆటకని చెప్పి దొంగచాటుగా మనుషుల్ని కాపాడి వస్తుంటాడు. ఆ రాత్రి భుజం మీద సిమెంటు పెళ్లతో దొరికిపోయాడు. కేకు తింటూ దబాయించబోయాడు. పిల్లాడు నాలుగోక్లాసు నుంచి ఐదోక్లాసుకు వెళ్తుంటే అదేదో పట్టాభిషేకమన్నట్టు వేడుక చేయడమేంటని వెటకారం, వాణ్ని ఆటల్లో చేరనివ్వవేమని ఎదురుదాడి. ఇదంతా నీ గురించి కాదని హెలెన్ ఇంటికప్పు తగిలేలా పొడుగై గద్దించాక గానీ పిల్లలు వింటున్నారని తెలియలేదు. గొడవ కాదు, ఊరికే చర్చ అని సర్దిచెప్పారు. మరీ గట్టి చర్చ అని గొణిగింది వయొలెట్.

అందరూ ఆవలిస్తారనుకునే ఈ సన్నివేశాన్ని పిల్లల సినిమాలో అంతసేపు ఉంచడం తెగువే. ఇద్దరూ పోట్లాడుకున్నది పిల్లల గురించే, ఇద్దరిదీ కొంత నిజమే.

ఇక అసలు సంగతి. ద్వీపంలో చిక్కిన భర్తను వెతుకుతూ హెలెన్ జెట్ విమానం నడుపుకుంటూ వెళ్తుంది. ఇద్దరు పిల్లలు ఆమెకు తెలియకుండా ఎక్కేశారు. కింద నుంచి క్షిపణులు దూసుకొస్తుంటే, విమానం చుట్టూ నీ కవచం వేయమని కూతురి మీద అరుస్తుంది. అంతవరకూ ఇంట్లో శక్తులు వాడొద్దని కట్టడి చేసింది ఈ తల్లే. ఇప్పుడు ఒక్క క్షణంలో విమానమంత కవచం కావాలంటోంది. వయొలెట్ వల్ల కాలేదు. విమానం ముక్కలైంది. తల్లి పిల్లలిద్దర్నీ చుట్టుకుని, పారాచూట్ అయి సముద్రంలో దింపి, ఆపైన పడవ కూడా అయి ఒడ్డుకు చేర్చింది.

ఆ రాత్రి గుహలో వయొలెట్ క్షమాపణ చెప్పబోతే హెలెన్ పూర్తి చేయనివ్వదు. తప్పు నీది కాదమ్మా, అంత హఠాత్తుగా నీ మీద అంత భారం వేయడం నాదే అన్యాయం అంటుంది. ఇకనుంచి సందేహపడుతూ కూర్చునే వెసులుబాటు మనకు లేదని కూడా దాచకుండా చెబుతుంది. వేరే సినిమాలో అయితే ఈ ఘట్టంలో వయొలిన్లు మోగేవి, తల్లి త్యాగం మీద ఒక పాట ఉండేది. ఇక్కడ ఒక తల్లి తన అంచనా తప్పని కూతురి ముందు ఒప్పుకుంది. పరీక్ష తప్పిన పిల్లల్ని ఓదార్చే అమ్మానాన్నలు మన ఇళ్లలో ఉన్నారు. నీ మీద అంత బరువు పెట్టింది మేమేనని పిల్లల ముందు అనేవాళ్లు నాకు తక్కువ కనిపిస్తారు.

అంతకు కాస్త ముందే, ఆ గుహలోనే డాష్ వంతు వచ్చింది. ఏదైనా ప్రమాదం వస్తే నీకు చేతనైనంత వేగంగా పరిగెత్తు అంటుంది. నిజంగానా, ఎంత చేతనైతే అంతా? వాడి కళ్లు పెద్దవవుతాయి. పుట్టినప్పటినుంచీ ఆపుతూ వచ్చిన మనిషి నోటినుంచే ఈ మాట వినడమంటే మాటలా! మర్నాడు శత్రువులు తరుముతుంటే వాడు అడవి దాటి నీళ్ల మీదికి పరిగెడతాడు. మునగడం లేదని గ్రహించి, చావు వెంటాడుతున్న సమయంలో కిలకిలా నవ్వుతాడు. వయొలెట్ మార్పు ఇంత గట్టిగా చెప్పరు. సినిమా పొడుగునా ముఖం మీద తెరలా పడే జుట్టు, చివర్లో హెయిర్‌బ్యాండ్‌తో వెనక్కి వెళుతుంది. ఆ పొడుగు జుట్టును కదిలించడానికి పిక్సార్ సాంకేతిక నిపుణులు నానా అవస్థలూ పడ్డారు. పడ్డందుకు ఫలితం దక్కింది.

తండ్రి మెట్టు దిగడానికి ఇంకా సమయం పట్టింది. నగరంలో రాక్షస రోబో వీధులు కూలుస్తుంటే, మీరిక్కడే ఉండండి, నేనొక్కడినే వెళ్తానంటాడు బాబ్. మళ్లీ పాత హీరో వేషాలా అని హెలెన్ నిలదీస్తుంది. విమానం పేలినప్పుడు అతను బందీగా ఉండి, భార్యాపిల్లలు పోయారనే నమ్మాడు. చివరికి అసలు మాట బయటపడుతుంది: నిన్ను మళ్లీ పోగొట్టుకోలేను, అంత బలం నాకు లేదు. రైలును ఆపగల మనిషి ఈ మాట అంటాడు. కలిసి పనిచేస్తే అంత బలం అక్కర్లేదంటుంది ఆమె.

అయితే ఈ కుటుంబం బయట ఒకడు మిగిలిపోయాడు. విలన్ సిండ్రోమ్ పదిహేనేళ్ల కిందట బడ్డీ అనే పిల్లాడు. సొంతంగా ఎగిరే బూట్లు తయారుచేసుకుని, నీ శిష్యుడిగా చేర్చుకోమని బాబ్ వెంట పడ్డాడు. నేను ఒంటరిగానే పనిచేస్తానని అతను విదిలించేశాడు. ఏళ్ల తర్వాత వాడి చేతికి చిక్కాక, నీతో అలా ప్రవర్తించడం నా తప్పే అంటాడు బాబ్. ఇప్పుడు నేనంటే భయం కాబట్టి గౌరవిస్తున్నావు అని వాడు కొట్టిపారేస్తాడు. దుర్మార్గుడి మాటే కానీ తప్పని అనలేను. కూతురికి ఆ రాత్రే అందిన మాట బడ్డీకి పదిహేనేళ్లు ఆలస్యంగా అందింది. గుహలో హెలెన్ ఈ శక్తి నీ రక్తంలోనే ఉందని కూతురికి ధైర్యం చెబుతుంది. రక్తంలో లేనివాడు, తెలివితో చేసుకున్నవాడు విలన్ అయ్యాడు. ఈ సినిమా మీద నాకున్న గట్టి ఫిర్యాదు ఇదే.

2018లో వచ్చిన రెండో భాగం కథగా పలచన. వసూళ్లు మాత్రం ప్రపంచమంతటా కలిపి 120 కోట్ల డాలర్లు దాటాయి. అందులో హెలెన్ ఉద్యోగానికి వెళ్తే బాబ్ ఇల్లు చూసుకుంటాడు. కొడుకు లెక్కలు చెప్పబోయి, లెక్కల పద్ధతి ఎందుకు మార్చారని మండిపడి, రాత్రంతా పుస్తకం ముందేసుకుని నేర్చుకుని, తెల్లారి వాణ్ని నిద్రలేపి చెబుతాడు. కూతురి వ్యవహారంలో తలదూర్చి చెడగొట్టి, మంచి తండ్రిని అనిపించుకోవాలనే ఆరాటపడ్డానని ఆమె దగ్గర ఒప్పుకుంటాడు. పోరాటాల కంటే ఇవే బాగున్నాయి.

మొదటి భాగం చివర డాష్‌ని పరుగు పందేనికి అనుమతిస్తారు. గ్యాలరీలోంచి కుటుంబమంతా పరిగెత్తు అని అరుస్తుంది, మరీ వేగం పెంచితే తగ్గు తగ్గు అని సైగ చేస్తుంది, వాడు సరిగ్గా రెండో స్థానంలో వచ్చేలా చూసుకుంటుంది. అందరూ నవ్వే ఆ చోట నాకు కాస్త ఇరుకుగా ఉంటుంది. గుహలో ఇచ్చిన అనుమతిని మైదానంలో సగం వెనక్కి తీసుకున్నారు. మిగతా పిల్లలకు అన్యాయం జరక్కూడదుగా అంటే కాదనలేను. అయినా సరే. మూడో భాగం తీస్తున్నట్టు 2024లో ప్రకటించారు. అందులోనైనా వాడికి సరిజోడైన పోటీ ఒకటి వెతికిపెట్టి, తగ్గమని సైగ చేయకుండా వదిలేస్తే చూడాలని ఉంది.