గోడ పక్కనే ఆడవాళ్ళ ఇల్లు

బెల్‌ఫాస్ట్ పేరు మన క్యాంపుల్లో చాలామంది విని ఉండరు. బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఉత్తర ఐర్లండ్‌కు అది రాజధాని. అక్కడ ఫాల్స్ రోడ్డు వైపు కాథలిక్కులు, షాంకిల్ రోడ్డు వైపు ప్రొటెస్టెంట్లు ఉంటారు. ఇద్దరూ కొలిచేది ఏసుక్రీస్తునే. ఇద్దరూ మాట్లాడేది ఇంగ్లీషే. రెండు వైపులా ఉన్నవి కష్టజీవుల కుటుంబాలే. కానీ ఒకరు ఐర్లండ్‌లో కలవాలంటారు, ఇంకొకరు బ్రిటన్‌తోనే ఉంటామంటారు. ఈ తగాదాలో 30 ఏళ్ళలో సుమారు 3,500 మంది ప్రాణాలు పోయాయి. 1969 నుంచి రెండు వాడల మధ్య గోడలు లేచాయి. 1998లో శాంతి ఒప్పందం కుదిరింది గానీ గోడలు పూర్తిగా పోలేదు. కొన్ని దారులకు గేట్లు పెట్టి రాత్రిపూట మూసేస్తారు.

ఆ గొడవల మధ్యే, 1980లలో, రెండు వైపులా ఆడవాళ్ళు ఎవరికి వారు మహిళా కేంద్రాలు పెట్టుకున్నారు. పసిపిల్లలను చూసుకునే గది, చదువు ఆగిపోయిన వారికి క్లాసులు, ఇంట్లో కష్టమొస్తే సలహా చెప్పే మనిషి. అంతే, పెద్ద హంగులేమీ లేవు.

1990 ప్రాంతంలో సిటీ కౌన్సిల్ ఫాల్స్ కేంద్రానికి ఇచ్చే డబ్బు ఆపేసింది. అవతలి వాళ్ళకు ఆగితే మనకేం అని షాంకిల్ ఆడవాళ్ళు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఇది అన్యాయమని బాహాటంగా ఫాల్స్ వాళ్ళ పక్షాన నిలబడ్డారు. సొంత వాడలో మాట పడే ప్రమాదం ఉన్నా వెనక్కి తగ్గలేదు.

రెండు వైపుల వారికీ కలిపి ఒక కేంద్రం కట్టాలన్న మాట చాలా ఏళ్ళకు పనిలోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ శాంతి నిధి డబ్బిచ్చింది. స్థలం ఎక్కడ చూశారంటే లానార్క్ వేలో, రెండు వాడలను కలిపే దారిలోనే. 2021 ఏప్రిల్‌లో కుర్రాళ్ళు పెట్రోలు బాంబులు విసురుకున్నది, బస్సును తగలబెట్టింది ఆ దారి దగ్గరే. షాంకిల్ నడిబొడ్డున కట్టి ఉంటే ఫాల్స్ ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని అంత లోపలికి రావడానికి జంకేవారు.

ఈ కథ మనకెందుకు అంటారా? మన ఊళ్ళో గోడ కనపడదు, అంతే తేడా. మనం ఇక్కడ ఓవర్‌టైం చేసి తలా ఇంత చందా వేసి ఊళ్ళో గుడి కట్టిస్తాం, కమాను కట్టిస్తాం, కులసంఘం భవనానికి స్లాబు వేయిస్తాం. మన ఆడవాళ్ళు మాత్రం సంఘం మీటింగుకు ఎవరింటి అరుగు మీదో, చెట్టు కిందో కూర్చుంటారు. ఆ అరుగు ఎవరిదన్నదాన్ని బట్టే ఎవరు లోపలికి వస్తారో, ఎవరు గడప బయట నిలబడతారో తేలిపోతుంది.

ఈసారి మీ గ్రూపులో చందా మాట వస్తే మహిళా సంఘానికి ఒక గది అని అడిగి చూడండి. అడిగేటప్పుడు నాలుగు సంగతులు గట్టిగా చెప్పండి. స్థలం రెండు వాడలకూ నడిచేంత దూరంలో, ఎవరి ఇంటి ముందు నుంచీ తలవంచుకుని పోనక్కర్లేని చోట ఉండాలి. కాగితం ఒక మనిషి పేరున గాక సంఘం పేరునో, పంచాయతీ పేరునో ఉండాలి. నీళ్ళు, మరుగుదొడ్డి, పిల్లలు పడుకునే మూల మొదటి రోజు నుంచే ఉండాలి. తాళంచెవులు రెండు చేయించి వాడకొకరి చేతిలో పెట్టాలి.

అన్నిటికంటే ముందు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ భార్యనో, అక్కనో, అమ్మనో ఒక మాట అడగండి. ఆ గది ఎక్కడ ఉంటే అందరూ వస్తారని. డబ్బు పంపేది మనమే అయినా, ఏ గడప తొక్కగలరో ఏది తొక్కలేరో తెలిసింది వాళ్ళకే.