వెళ్లొచ్చినవాళ్లనే అడిగితే ఎలా?

నేను సోషల్ వర్క్ పాఠాలు చెబుతాను. ఈమధ్య ఒక విద్యార్థిని వాలంటీర్ టూరిజం, అంటే సేవ పేరుతో చేసే పర్యటనల మీద ప్రాజెక్టు చేస్తానంటూ ప్రశ్నావళి పట్టుకొచ్చింది. ప్రశ్నలన్నీ వాలంటీర్లకే: ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, మళ్లీ వెళ్తారా. ఆ అమ్మాయిని ఏమనగలను? తను చదివిన వ్యాసాల్లో అడిగినవే అవి.

ఈ రంగానికి పునాది వేసిన పుస్తకం ఆస్ట్రేలియా పరిశోధకుడు స్టీఫెన్ వేరింగ్ 2001లో రాశాడు. కోస్టారికా అడవిలో పనిచేసి వచ్చిన యువతీయువకుల అనుభవాలు అందులో ముఖ్యం. ఆ తర్వాత ఏళ్ల తరబడి చాలా పరిశోధన ఆ దారినే నడిచింది. డబ్బు కట్టి పేదదేశానికెళ్లి, కొన్ని వారాలు గోడలు కట్టో, ఇంగ్లీషు చెప్పో తిరిగొచ్చినవాళ్ల మనసు ఎంత మారిందన్నదే లెక్క. 2009లో డేనియల్ గుటెన్‌టాగ్ అనే పరిశోధకుడు ఊరివాళ్ల వైపు నుంచి చూశాడు. పని రానివాళ్లు కట్టిన గోడ నిలుస్తుందా, అక్కడి కూలీకి పని పోదా, ఊరివాళ్లకు కావలసిందేమిటో ఎవరైనా విన్నారా అన్నాడు.

నన్ను కలవరపెట్టేది పిల్లల సంగతి. ఆఫ్రికాలో ఎయిడ్స్ అనాథల కోసం వచ్చిపోయే వాలంటీర్ల గురించి పరిశోధకులు లిండా రిక్టర్, ఎమీ నార్మన్ 2010లో రాశారు. కొత్తవాళ్లను ఇట్టే అల్లుకుపోయే పసివాళ్లకు ప్రతి వీడ్కోలూ మరో గాయమే. కంబోడియాలోనైతే 2005-2010 మధ్య అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయి. వాటిలో ఎక్కువమంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. సందర్శకుల డబ్బు కోసం పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చే వ్యాపారం బయటపడింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ సైతం దీన్ని తన తీర్మానంలో ప్రస్తావించింది. పిల్లలవైపు చూశాకే ఇదంతా తెలిసింది.

వాలంటీర్లను అడగడం తేలిక. ఇంగ్లీషు వచ్చు, ఈమెయిల్ ఉంటుంది. ఊరివాళ్లను అడగాలంటే వాళ్ల భాష రావాలి, సంస్థ మనిషి పక్కన లేకుండా వాళ్ల అరుగు మీద కూర్చోవాలి. మన రాష్ట్రాలకూ విదేశీ వాలంటీర్లు వస్తారు. అమెరికాలో పెరిగిన మన పిల్లలూ సెలవుల్లో సేవకని వస్తారు. ఇక్కడ ఊరివాళ్లను అడగడానికి మనకు భాష అడ్డం కాదు కదా! ఇక్కడి అనాథాశ్రమాల్లో చిన్నప్పుడు వాలంటీర్ల ఒళ్లో కూర్చుని ఫొటోలు దిగినవాళ్లలో ఎందరో ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. మన విశ్వవిద్యాలయాలు ఫెలోషిప్పులు ఇచ్చి, వాళ్లనూ వాళ్లకు అన్నం వండిపెట్టిన ఆయమ్మలనూ తెలుగులో అడిగించాలి. రాసిందాన్ని ముందు వాళ్లకే చదివి వినిపించాలి.