అట్టపెట్టెలు విప్పుదాం

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ క్వార్టర్లలో ఉండే మన ఇళ్లలో మంచాల కింద ఇంకా విప్పని అట్టపెట్టెలు రెండో మూడో ఉంటాయి. ‘ఎలాగూ మళ్లీ బదిలీ అవుతుంది, ఊరెళ్లాక విప్పుదాంలే’ అంటాం. పెట్టెల సంగతి సరే. కొత్త స్నేహాలను, తెలుగు చదవడాన్ని కూడా అలాగే మూటగట్టి పక్కన పెట్టేస్తున్నాం. ఇది మంచి పద్ధతి కాదని మా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఒక పడవ గురించి చెప్పాలి.

2017 సెప్టెంబరు 10న ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే పడవలో మన నౌకాదళ మహిళా అధికారులు ఆరుగురు భూమిని చుట్టి రావడానికి గోవా నుంచి బయలుదేరారు. కెప్టెన్ వర్తికా జోషిది ఉత్తరాఖండ్. విజయాదేవిది మణిపూర్. మన తెలుగు ఊళ్ల నుంచి ఇద్దరున్నారు: విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. తారిణి అంటే దాటించేది; మనం ‘తరించాం’ అంటామే, ఆ మాటకూ దీనికీ మూలం ఒకటే.

తెరచాపలతో నడిచే ఆ పడవ పొడవు సుమారు 55 అడుగులు. అంటే ఢిల్లీ సిటీ బస్సుకు ఒకటిన్నర రెట్లు, అంతే. అందులోనే వంట, నిద్ర, తెరచాపల పని. అలాంటి పడవలో ప్రతి వస్తువుకూ ఒక చోటుండాలి, అది అక్కడే కదలకుండా ఉండాలి. లేకపోతే పెద్ద అల వచ్చినప్పుడు గిన్నె కూడా ఎగిరి తలకు తగులుతుంది. రాత్రింబవళ్లు వంతులవారీగా కాపలా కాయాలి. ఒకరు చుక్కాని దగ్గర మేలుకొని ఉంటేనే మరొకరికి నిద్ర. పసిఫిక్‌లో గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలిలో ‘నా వంతు ఇంటికెళ్లాక చేస్తాను’ అంటే కుదురుతుందా?

ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ మీదుగా కేప్‌టౌన్ చేరారు. అక్కడి నుంచి ఇక ఇంటిదారే. తీరా ఆ చివరి దఫాలోనే పడవను తిప్పే స్టీరింగ్ పాడైంది. మారిషస్‌లో ఆగి బాగుచేయించుకోవాల్సి వచ్చింది. 2018 మే 21న గోవా చేరారు. మొత్తం 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు. ఇల్లు దగ్గరపడిందని కాపలా వంతులు ఆగవు, తెరచాపల పని తగ్గదు.

‘వాళ్లు ఇష్టపడి వెళ్లారు, మమ్మల్ని ఎవరడిగారు?’ అని మీరు అనవచ్చు. నిజమే. బదిలీ ఉత్తర్వు మీద మీ సంతకం ఉండదు. ప్రాణస్నేహితురాలిని వదిలి రావడం చిన్న బాధ కాదు, దాన్ని దాచుకోమని మేము చెప్పం. కానీ పదేళ్ల నుంచి పదమూడేళ్ల వరకు మీరు పెరిగేది ఇక్కడే. ఊరెళ్లాక ఆ మూడేళ్లు విడిగా దొరకవు. పక్కింటి పంజాబీ ఆంటీ వంటలు, మెట్రోలో వినిపించే హిందీ, ఆంధ్రాభవన్ భోజనం దగ్గర చెవినపడే తెలుగు, ఇవన్నీ ఇప్పుడే అందేవి.

ఈ ఆదివారం ఒక్క పెట్టె తీయండి. ఏముందో అమ్మకు కూడా గుర్తుండకపోవచ్చు. తెలుగు కథల పుస్తకం కనిపిస్తే మాత్రం సోమవారం తరగతికి పట్టుకురండి.