పెంచిన చేపని చెరువులో వదిలితే పుణ్యమా?

అక్వేరియం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ మిత్రుల్లో చాలామందికి సిక్లిడ్ చేపల పిచ్చి. ముఖ్యంగా ఆఫ్రికాలోని మలావీ సరస్సు నుంచి వచ్చిన పసుప్పచ్చ చేప, ఎల్లో ల్యాబ్. మా తిరుపతి, చిత్తూరు వైపు బోరు నీళ్ళు బకెట్లకి తెల్లగా పేరుకుంటాయి కదా, మనకి తలనొప్పేగానీ ఈ చేపకి అలా సున్నం ఎక్కువున్న నీళ్ళే ఇష్టం. కాబట్టి పెద్దగా కష్టపడకుండానే పిల్లలు పెడుతుంది.

ఆ తీరు నిజంగా అద్భుతం. ఆడది గుడ్లు పెట్టిన వెంటనే నోట్లోకి తీసేసుకుంటుంది. మగదాని కింది రెక్క మీద గుడ్లలాంటి మచ్చలుంటాయి. వాటినీ అందుకోబోతే మగది వీర్యం వదులుతుంది. ఇక దాదాపు మూడు నాలుగు వారాలు తల్లి సరిగ్గా తిండి తినకుండా నోట్లోనే పొదుగుతుంది.

సమస్య ఆ తర్వాతే. చెన్నై కొళత్తూరులో అంత పెద్ద రంగుచేపల మార్కెట్ ఉండగా, మన ఊరి షాపువాడు మీ ఇరవై పిల్లల్ని ఎన్నిసార్లు తీసుకుంటాడు? అప్పుడు వచ్చే మాట ఒకటే. "పాపం, చంపడమెందుకు, చెరువులో వదిలేద్దాం, పుణ్యం వస్తుంది." నా అభ్యంతరమంతా ఈ పుణ్యం గురించే.

జిలేబీ చేప తెలుసు కదా, అదేనండీ తిలాపియా. అదీ సిక్లిడ్డే, అదీ నోట్లోనే పొదుగుతుంది. 1952లో, చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, శ్రీలంక నుంచి మన దేశానికి తెచ్చారు. దీంతో నష్టమే ఎక్కువని 1959లోనే పెంపకం వద్దన్నారు. అప్పటికే చెయ్యి దాటిపోయింది. బొచ్చె, రవ్వ లక్షల గుడ్లు పెట్టి వదిలేసి పోతాయి. పైగా వాటికి వానాకాలం పారే నీళ్ళు కావాలి. జిలేబీ పెట్టేది వందల్లోనే అయినా, నోట్లో కాపాడుతుంది, నిలవ నీళ్ళలోనే ఏడాదికి చాలాసార్లు పెడుతుంది. మనం ముచ్చటపడే ఆ తల్లి ప్రేమే అక్కడ దాని బలం.

రాయలసీమ చెరువులు ఒకదానికొకటి గొలుసుకట్టు. ఒకటి మొరవ పోతే నీళ్ళు కింది చెరువుకి. 2021 నవంబర్ వానలకి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించారు, గుర్తుందా? అలాంటి నీళ్ళతో పాటు చేప ఎక్కడిదాకా పోతుందో ఎవరు చెప్పగలరు?

"ఎల్లో ల్యాబ్ జిలేబీ అంత మొండిది కాదు" అంటారా? కాకపోవచ్చు. అక్వేరియం గాజుకి పట్టిన పాచి తినే సక్కర్ చేపని చూసి కూడా ఎవరూ భయపడలేదు. ఇవాళ ఆంధ్రా చేపల చెరువుల్లో వలలు చింపేది అదే. మన భాషలో చెప్పాలంటే, ఈ రిలీజ్‌కి రోల్‌బ్యాక్ లేదు :)

మరేం చెయ్యాలి? పిల్లల్ని తీసుకునేవాళ్ళు ముందే దొరికితేనే తల్లి నోట్లోంచి తీసి వేరే తొట్టిలో పెంచండి. లేకపోతే రాళ్ళ మధ్య తల్లినే వదలనివ్వండి. పెద్ద చేపలు చాలా పిల్లల్ని తినేస్తాయి, దాక్కున్నవి నాలుగు బతుకుతాయి. క్రూరంగా ఉందా? మలావీలోనూ జరిగేది అదే. మన గాజుతొట్టిలో చచ్చే పిల్లల పాపం మనతోనే ఆగుతుంది. చెరువులో వదిలినదాని పాపం ఆ చెరువు మీద బతికేవాళ్ళు మొయ్యాలి.

మీరేమంటారు?