ఆ స్టాంపు మీద ఉన్నది అతను కాదు

ఈసారి మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తున్నాను, అమెరికా పశువుల బయళ్లకి. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

1994లో అమెరికా తపాలా శాఖ పశ్చిమ ప్రాంతపు వీరుల పేరిట 20 స్టాంపుల షీటు ఒకటి తెచ్చింది. అందులో బిల్ పికెట్ అనే నల్లజాతి కౌబాయ్ కూడా ఉన్నాడు. షీట్లు లక్షల్లో అచ్చయ్యాక అతని కుటుంబం వాళ్లు చూసి చెప్పారు, ఆ ముఖం బిల్‌ది కాదు, అతని సోదరుడు బెన్‌ది అని. షీట్లు వెనక్కి తీసుకుని, ముఖం మార్చి మళ్లీ అచ్చు వేశారు. తప్పు షీట్లలో 1,50,000 లాటరీ పెట్టి మరీ అమ్ముకున్నారు!

ఎవరీ పికెట్? 1870లో టెక్సాస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు బానిసత్వం చూసినవాళ్లు. పొదల్లో దూరి మొండికేసిన కోడెను మందకుక్క పెదవి కరిచి లొంగదీయడం గమనించాడు. పెద్దయ్యాక తానే పరిగెత్తే గుర్రం మీంచి కోడె మీదికి దూకి, కొమ్ములు పట్టి మెడ తిప్పి, దాని పెదవి కరిచి పడేసేవాడు. ఈరోజు ప్రొఫెషనల్ రోడియోల్లో కనిపించే స్టీర్ రెజ్లింగ్ అదే, కరవడం ఒక్కటి తీసేశారు. నల్లవాళ్లను చాలా రోడియోల్లో పోటీకి దిగనిచ్చేవాళ్లు కాదు. అందుకని అతను ఇండియన్ అనో ఇంకేదో అనో చెప్పి బరిలోకి దించేవారు. ఇంటిపేరు దాచుకుని అద్దె ఇల్లు వెతుక్కున్న మనవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 1932లో గుర్రం తన్ని చనిపోయాడు. రోడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరు ఎక్కడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

అసలు ఈ విద్య ఎవరిది? రోడియో స్పానిష్ మాట. మేత బయళ్లలో చెదిరిన పశువుల్ని చుట్టుముట్టి ఒకచోటికి తోలడం. లాసో, లారియట్, కాళ్లకు తొడిగే తోలు చాప్స్ అన్నీ మెక్సికో పశువుల కాపరులైన వకేరోల నుంచి వచ్చినవే. మెక్సికోను ఆక్రమించిన స్పెయిన్ దొరలు మొదట్లో అక్కడి ఆదివాసులు గుర్రం ఎక్కకూడదని నిషేధం పెట్టారు. గుర్రం ఎక్కితే మనిషి ఎత్తు పెరుగుతాడు కదా! తర్వాత మందలు పెరిగాయి, తోలడానికి దొరల చేతులు చాలలేదు. అప్పుడు అదే ఆదివాసుల్ని గుర్రం ఎక్కించారు, పని కోసం. పెళ్లిలో గుర్రం ఎక్కాడని దళిత వరుణ్ణి కొట్టిన వార్తలు గుజరాత్ నుంచి, రాజస్థాన్ నుంచి మనం చదువుతూనే ఉన్నాం. అక్కడా గుర్రానికి గడ్డి వెయ్యడానికి మన చెయ్యి మైల కాదు.

టెక్సాస్‌లో యజమానులు అంతర్యుద్ధానికి పోయినప్పుడు చాలా చోట్ల మందల్ని కాచింది బానిసలే. విముక్తి వచ్చాక వాళ్ల చేతిలో ఉన్నదీ ఆ పనే. కాన్సస్ రైలు స్టేషన్ల దాకా నెలల తరబడి పశువుల్ని నడిపించిన కౌబాయ్‌లలో దాదాపు నలుగురిలో ఒకరు నల్లవాళ్లని చరిత్రకారుల అంచనా.

వాళ్లలో బోస్ ఐకార్డ్ ఒకడు. బానిసగా పుట్టాడు. చార్లెస్ గుడ్‌నైట్ అనే ఆసామి మందలు తోలాడు. దారిలో గుడ్‌నైట్ తన డబ్బు అతని దగ్గరే దాచేవాడు, నల్లవాడి పక్కబట్టల్లో డబ్బుంటుందని ఏ దొంగా అనుకోడని. 1929లో ఐకార్డ్ చనిపోతే గుడ్‌నైట్ సమాధి రాయి వేయించాడు. ఏ పనికీ వెనకాడలేదని, ఏ ఆజ్ఞా దాటలేదని దాని మీద చెక్కించాడు. అచ్చంగా మన నమ్మినబంటు! గుడ్‌నైట్‌కి మాత్రం పది లక్షల ఎకరాలు దాటిన రాంచ్‌లో భాగం దక్కింది. ఆ స్టాంపుల షీటులో గుడ్‌నైట్ ఉన్నాడు, అతని ముఖం అతనిదే. ఐకార్డ్ లేడు.

శ్రమ సంస్కృతిని గౌరవించాలి అని మన సభల్లో తరచూ అంటారు. ఆ మాట మీద నాకు అనుమానం. డప్పు వేదిక ఎక్కితే చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. కొట్టినవాడికి ఆ రోజు కూలి ముట్టిందా అని అడిగేవాళ్లు తక్కువ. కౌబాయ్‌లు ఏమడిగారో చూడండి. 1883లో ఉత్తర టెక్సాస్‌లోని ఐదు పెద్ద రాంచ్‌ల వాళ్లు నెలకు 50 డాలర్ల జీతం కావాలని సమ్మె కట్టారు. యజమానులు వాళ్లను తీసేసి కొత్తవాళ్లను పెట్టుకున్నారు. సమ్మె ఓడిపోయింది.

తుపాకీ తిప్పే కౌబాయ్‌లు తెర మీద వందలమంది. సమ్మె కట్టిన కౌబాయ్ నాకు ఇంతవరకు తగల్లేదు. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో ఆ టోపీ, ఆ గుర్రం మన ఊళ్లకీ వచ్చాయి. నేలటికెట్టులో కూర్చుని ఈలలేసినవాళ్లలో పొద్దంతా మోతుబరి గొడ్లు కాసి వచ్చిన జీతగాళ్లు ఎందరో. తెలుగు సాహిత్యం పాఠం చెప్పుకునేదాన్ని కాబట్టి ఇది కూడా అనాలి: పోతన భాగవతంలో పశువులు కాసే పిల్లాడు దేవుడు, తోటి గోపబాలురతో చల్దులారగిస్తాడు. అదే పని చేసిన మన జీతగాడి పేరు ఏ ప్రబంధంలో ఉందో వెతకండి.

చప్పట్ల సంగతి ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే లూసియానాలోని అంగోలా జైలుకు వెళ్లాలి. ఒకప్పుడు అది బానిసలు చాకిరీ చేసిన తోట. పేరు కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే. 18,000 ఎకరాలు. ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్లు, గంటకు కొన్ని సెంట్లకు పొలం పని చేస్తారు. 1960ల నుంచి అక్కడ ఖైదీల రోడియో జరుగుతోంది, జనం టికెట్లు కొని వస్తారు. అందులో ‘కన్విక్ట్ పోకర్’ అని ఒక ఆట. నలుగురు ఖైదీల్ని బల్ల చుట్టూ కుర్చీల్లో కూర్చోబెట్టి ఆబోతును వదులుతారు. ఆఖరిదాకా కుర్చీ వదలనివాడు గెలిచినట్టు. పికెట్‌ది ఏళ్ల తరబడి నేర్చిన విద్య. వీళ్లలో చాలామందికి పశువు అలవాటే లేదు. చప్పట్లు మాత్రం అవే.

అదే దేశంలో ఇంకో దారీ ఉంది. 1957లో టెక్సాస్ నల్లవాళ్లు ‘ప్రెయరీ వ్యూ ట్రయల్ రైడ్’ మొదలుపెట్టారు. రోజుల తరబడి గుర్రాల మీద, బండ్ల మీద హ్యూస్టన్ రోడియోకి వస్తారు. మొదలుపెట్టినవాళ్లలో మర్టిస్ డైట్‌మన్ ఒకడు. 1964లో నేషనల్ ఫైనల్స్ రోడియోలో పోటీకి దిగిన మొదటి నల్ల కౌబాయ్ అతనే. 1984 నుంచి పికెట్ పేరుతోనే నల్లవాళ్ల సొంత రోడియో ఊరూరా తిరుగుతోంది.

హ్యూస్టన్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు టోపీ పెట్టుకుని రోడియో ఫొటోలు పంపుతుంటారు. ఈసారి ఆ గుర్రాల బారు ఊళ్లోకి వచ్చే రోడ్డు పక్కన నిలబడండి. పెద్దవాళ్లు ఎవరైనా ఆగితే, గుర్రం ఎవరు నేర్పారో, వాళ్ల తాతలు ఎవరి మందలు తోలారో అడిగి, విన్నది విన్నట్టు రాసి పంపండి.