నాగమ్మకు మంత్రాలెందుకు?

మొన్న నరసరావుపేటలో ఒక పెళ్ళికి వెళ్తే, మా చెల్లెలి కూతురు నన్ను పక్కకి లాక్కెళ్ళి, "పెద్దమ్మా, నవలకి బ్రహ్మాండమైన కథ దొరికింది" అంది. 12వ శతాబ్దం. గురజాలలో నలగామరాజు కొలువు. మంత్రిణి నాగమ్మ అర్ధరాత్రి శ్మశానంలో నిషిద్ధమైన మృత్యువిద్య సాధిస్తుందట. దాంతో పగవాళ్ళ ప్రాణాలు తీస్తూ, రాజును గుప్పిట్లో పెట్టుకుంటుందట!

కథ బాగానే ఉంది. నాకు జాలేసిందల్లా నాగమ్మ మీదే.

ఏటా కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళలో రాయబారం, కోడిపోరు అంటూ ఐదు రోజులు ఆ కథంతా తలుచుకుంటాం. బ్రహ్మనాయుణ్ణి విష్ణ్వంశ అంటాం. కులాలన్నిటినీ ఒక్క బంతిన కూర్చోబెట్టిన చాపకూడుకి చేతులెత్తి మొక్కుతాం. మొక్కవలసిందే. మరి మగదిక్కు లేని పల్లెటూరి ఆడది మంత్రి పదవి ఎక్కితే మాత్రం, "దీని వెనక ఏదో మందూ మాకూ ఉండే ఉంటుంది" అని గుసగుసలాడుకుంటాం. మగవాడి శక్తి మహిమ, ఆడదాని శక్తి క్షుద్రం! ఈ నిఘంటువు ఎవరు రాశారో గానీ, వల్లె వేస్తున్నది మనమే.

నాగమ్మను దేవతను చేయమని నేననడం లేదు. కోడిపందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలన్న షరతూ, రాయబారానికి వచ్చిన అలరాజుకి విషం పెట్టించడమూ ఆమె పద్దులోనే రాసింది కథ. సరే. విషం పెట్టడానికి మంత్రమెందుకండీ? కావలసింది తెలివి, పట్టుదల, పగ. ఆ మూడూ ఆమెకు నిండుగా ఉన్నాయి. మంత్రం తగిలిస్తే తెలివీ ఆమెది కాకుండా పోతుంది, నేరమూ ఆమెది కాకుండా పోతుంది. 1966లో వచ్చిన 'పల్నాటి యుద్ధం'లో నాగమ్మగా వేసిన భానుమతిగారికి మంత్రదండం కావలసి వచ్చిందా? ఆ చూపే చాలింది.

"సరదాకి రాసే కథకి ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. మా అమ్మ బైండు చేయించి దాచుకున్న 'తులసిదళం' ఇంటర్లో దొంగచాటుగా చదివి, వారం రోజులు లైటు ఆర్పకుండా పడుకున్నదాన్నే నేను. భయం రుచి నాకూ తెలుసు. కానీ నా భయం పుస్తకం మూశాక నాలుగు రోజులకి పోయింది. ఊళ్ళో 'మంత్రగత్తె' అని పేరుపడ్డ ముసలమ్మకి ఆ పేరు పోదు. 2024లో మెదక్ జిల్లాలో చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఒక స్త్రీని నిప్పంటించి చంపారు. ఆవిడకు నిజంగా మంత్రాలే వచ్చి ఉంటే తనను తాను కాపాడుకునేది కాదూ?

పిల్ల మొహం చిన్నబుచ్చుకుని, "అయితే రాయడం మానెయ్యనా?" అంది.

"ఎందుకు మానడం? మృత్యువిద్య మీద మోజు తీరకపోతే, ఊరూ పేరూ లేని రాజ్యం ఒకటి కల్పించుకుని, అక్కడి మగ మంత్రి చేత సాధన చేయించు. నాగమ్మను మాత్రం శ్మశానానికి తోలకు. కొలువులోనే కూర్చోబెట్టు. ఆమె నోరు విప్పగానే అంతమంది మీసాలవాళ్ళు ఎందుకు తడబడ్డారో రాయి. అది రాశావంటే, దయ్యాలు లేకుండానే మాకు ఒళ్ళు జలదరిస్తుంది" అన్నాను.